ఒక్క పేలుడు కాదు

ఈ వారం వ్యాసం ఆదివారం పెట్టాల్సింది, బుధవారానికి జరిగింది. కారణం చివర్లో మీకే తెలుస్తుంది. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఫిబ్రవరిలో ఒక టెస్ట్ సిరీస్‌లో వ్యాసం పేపర్ రాశాను. మీకు తెలిసిందే, మూడు గంటలు, రెండు వ్యాసాలు, 250 మార్కులు. మొదటి సెక్షన్‌లో నేను ఎంచుకున్న అంశం "వేగమే ఎదుగుదల కాదు". ఇలాంటి అంశానికి అందరూ ఏం రాస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కుందేలు తాబేలు, అడవుల నరికివేత, జీడీపీ కంటే మానవాభివృద్ధి ముఖ్యం. పేపర్ దిద్దేవాళ్లకు నిద్ర రాకుండా ఏదైనా కొత్తది ఉండాలని రెండో పేజీలో ఖగోళశాస్త్రం నుంచి ఒక ఉదాహరణ దింపాను. "ఎం82 అనే గెలాక్సీ మితిమీరిన వేగంతో నక్షత్రాలను పుట్టించింది. ఫలితంగా దాని కేంద్రంలో ఒక మహా విస్ఫోటం జరిగి, వాయువంతా బయటికి ఎగిరిపోయింది. ఇప్పుడది ఖాళీ." ఇంచుమించు ఇవే మాటలు.

పేపర్ తిరిగొచ్చింది. ఆ పేరా పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు, కింద "మంచి ఉదాహరణ". 125కి 61. నా వ్యాసాల్లో అదే ఎక్కువ. గదిలోకి రాగానే అక్కకు చూపించాను.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. ఢిల్లీలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో రెండేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న మనిషి. కరీంనగర్ వైపు. ఈసీఈ చదివి, హైదరాబాద్‌లో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, దాచుకున్న డబ్బుతో ఇక్కడికొచ్చింది. ఆప్షనల్ ఫిజిక్స్. మాది ఒంగోలు దగ్గర, నాది మెకానికల్, ఆప్షనల్ తెలుగు సాహిత్యం, మీడియం కూడా తెలుగే. ఫిజిక్స్ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు ఇక్కడ అరుదు కాబట్టి, ఆవిడ పుస్తకాలు ఎవరూ అడిగి తీసుకెళ్లరు అన్నది మా గదిలో పాత జోకు.

పేరా చదివి నవ్వింది. "గిదేందే? ఒక్క పేలుడు అని ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఎక్కడో పాత పుస్తకంలో చదివాను అన్నాను.

"పాతదే. అరవై ఏండ్ల కిందటి ముచ్చట. టిక్ పెట్టిండ్రని సంబరపడకు, అది తప్పు."

తప్పు రాసినందుకు కాదు, తప్పుకు టిక్కు పడినందుకు నాకు భయం వేసింది. ఆ భయంలోంచే ఈ వ్యాసం వచ్చింది. మీలో ఎవరైనా ఎం82ను, లేదా గెలాక్సీల నుంచి బయటికి వీచే ఈ గ్యాస్ ప్రవాహాలను జీఎస్-3లోనో వ్యాసంలోనో వాడదామనుకుంటే, నాలా వాడకండి.

సప్తర్షి మండలం మీరు చూసే ఉంటారు, గరిటె ఆకారంలో ఏడు నక్షత్రాలు. ఆ దిక్కున, మనకు సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు గెలాక్సీలు పక్కపక్కన ఉన్నాయి. 1774లో యోహాన్ బోడే అనే జర్మన్ ఖగోళవేత్త వాటిని కనిపెట్టాడు. పెద్దది ఎం81, అందమైన సర్పిలం. చిన్నది ఎం82. అది మనకు పక్కవాటుగా కనబడుతుంది కాబట్టి చుట్టలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సిగార్ గెలాక్సీ అనే పేరు అందుకే. మామూలు కంటికి ఆనదు. మా పీజీ డాబా మీద నుంచైతే సప్తర్షుల్లో ఏడుగురూ కనబడటమే గొప్ప.

1963లో రోజర్ లిండ్స్, అలన్ శాండేజ్ అనే ఇద్దరు దీని గురించి ఒక పత్రం అచ్చువేశారు. హైడ్రోజన్ వెలువరించే ఎర్రటి కాంతిలో తీసిన ఫొటోల్లో, చుట్టకు పైకీ కిందికీ వేల కాంతి సంవత్సరాల పొడవున తీగలు తీగలుగా గ్యాస్ కనబడింది. దాని వేగం కొలిచి, వెనక్కి లెక్క కడితే, సుమారు 15 లక్షల ఏళ్ల కిందట కేంద్రం నుంచి ఒక్కసారిగా బయలుదేరినట్టు తేలింది. కాబట్టి కేంద్రంలో ఒక పేలుడు జరిగి ఉండాలి అన్నారు. ఆ రోజుల్లో ఆ ఊహ తప్పేమీ కాదు. క్వేజార్లు అప్పుడప్పుడే బయటపడుతున్నాయి, గెలాక్సీల నడుమ ఏదో భారీ శక్తి దాగి ఉందని అందరికీ అనిపిస్తున్న కాలం. నేను చదివిన పాత పుస్తకం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. నేనూ అక్కడే ఆగిపోయాను.

తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో బొమ్మ మారింది. మామూలు కాంతిని ధూళి అడ్డుకుంటుంది, పరారుణ కాంతిని అంతగా అడ్డుకోలేదు. ఆ కాంతిలో చూస్తే కేంద్రం దగ్గర కొత్త నక్షత్రాలు కిక్కిరిసి ఉన్నాయి. రేడియో టెలిస్కోపులతో చూస్తే అక్కడే పదుల సంఖ్యలో సూపర్‌నోవా అవశేషాలు, అంటే పేలిపోయిన నక్షత్రాల గుల్లలు. ఎక్స్‌రేలలో చూస్తే చుట్టకు పైకీ కిందికీ లక్షల నుంచి కోట్ల డిగ్రీల వేడి గ్యాస్. ఈ మూడూ కలిపితే వచ్చిన కథ వేరు. పేలింది గెలాక్సీ కేంద్రం కాదు. అక్కడ పుట్టిన పెద్ద నక్షత్రాలు, ఒకదాని తర్వాత ఒకటి, లక్షల ఏళ్లుగా పేలుతూ వస్తున్నాయి.

ఎందుకంత హడావుడి అంటే, కొన్ని పదుల కోట్ల ఏళ్ల కిందట ఎం82 తన పెద్ద పొరుగు ఎం81 దగ్గరగా వెళ్లింది. ఆ గురుత్వాకర్షణ కుదుపుకు గ్యాస్ కేంద్రం వైపు జారి పోగయింది. పోగైన గ్యాస్ నుంచి నక్షత్రాలు పుడతాయి. మన పాలపుంత ఏడాదికి సూర్యుడి బరువుకు ఒకటి రెండు రెట్ల గ్యాస్‌ను నక్షత్రాలుగా మారుస్తుంది. దానికంటే చాలా చిన్నదైన ఎం82 దాదాపు పది రెట్ల వేగంతో మారుస్తోంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, ప్రిలిమ్స్‌లో స్టేట్‌మెంట్ ప్రశ్నగా రావడానికి వీలున్నది: నక్షత్రం ఎంత బరువైతే ఆయుష్షు అంత తక్కువ. సూర్యుడికి సుమారు 1000 కోట్ల ఏళ్లు. సూర్యుడికి ఎనిమిది రెట్లు దాటిన నక్షత్రాలకు కోట్లలోనే, బాగా బరువైనవాటికి కొన్ని పదుల లక్షల ఏళ్లు మాత్రమే. అంటే పుట్టిన చోటు దాటకముందే పేలిపోతాయి, చుట్టూ ఇంకా నక్షత్రాలు కావాల్సిన గ్యాస్ ఉండగానే. ఒక్కో పేలుడు గ్యాస్‌కిచ్చే తోపు శక్తి సుమారు 10 పక్కన 43 సున్నాలు పెట్టినన్ని జౌళ్లు. సూర్యుడు తన మొత్తం జీవితకాలంలో వెలువరించే శక్తి కూడా ఇంచుమించు అంతే, కాలిక్యులేటర్‌తో మీరే సరిచూసుకోవచ్చు. పాలపుంతలో ఇలాంటిది వందేళ్లకు ఒకటి రెండు జరుగుతాయి. ఎం82లో సుమారు పదేళ్లకొకటి అని అంచనా.

ఒక పేలుడు ఒక్కటే అయితే, దాని వేడి చుట్టూ ఉన్న గ్యాస్‌లో చల్లారిపోతుంది. రెండోది వచ్చేసరికి మొదటిది చల్లారకుండా ఉంటే, బుడగలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అప్పుడు ఒత్తిడి పెరిగి దారి వెతుక్కుంటుంది. గెలాక్సీ పళ్లెం లాంటిది, అడ్డంగా గ్యాస్ మందంగా, నిలువుగా పల్చగా ఉంటుంది. కాబట్టి పైకీ కిందికీ తన్నుకుని పోతుంది. ప్రెషర్ కుక్కర్ ఆవిరికి విజిల్ వైపు తప్ప దారి లేనట్టు. తేడా ఏమిటంటే ఇక్కడ విజిల్ రెండు వైపులా ఉంది.

నా సబ్జెక్టు తగిలిన చోటు ఇదే, కొంచెం ఓపిక పట్టండి. 1985లో షెవాలియే, క్లెగ్ అనే ఇద్దరు ఈ గాలికి ఒక సులువైన నమూనా రాశారు. ఒక గోళం లోపల అంతటా సమానంగా శక్తిని, గ్యాస్‌ను పోస్తూ ఉంటే ఏమవుతుంది? గోళం లోపల ప్రవాహం శబ్దవేగం కంటే తక్కువ. సరిగ్గా గోళం అంచు దగ్గర శబ్దవేగానికి సమానం. అంచు దాటాక అంతకు మించి, సూపర్‌సానిక్. బీటెక్ మూడో ఏడాది నాజిల్ పాఠం చదివినవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టుంటుంది. రాకెట్ నాజిల్‌లో ఇరుకు గొంతు దగ్గర మాక్ నంబర్ 1 అవుతుంది, అది దాటాక సూపర్‌సానిక్. గెలాక్సీకి ఇరుకు గొంతు లేదు, పోయడం ఆగిపోయే అంచే ఆ పని చేస్తుంది. సప్లీ రాసి గట్టెక్కిన సబ్జెక్టు 1.2 కోట్ల కాంతి సంవత్సరాల అవతల కనబడితే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ రాత్రి మెయిన్స్ సిలబస్ ఒక్క పేజీ చదవలేదు.

కృష్ణబిలం సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే తడబడతారు. గెలాక్సీల నుంచి గ్యాస్‌ను బయటికి తోసేవి రెండు. ఒకటి ఇలా నక్షత్రాలు, రెండోది కేంద్రంలో పదార్థాన్ని మింగుతున్న భారీ కృష్ణబిలం చుట్టూ పుట్టే శక్తి. ఎం82 గాలికి మొదటిదే చాలు. మరో గందరగోళం 2014 జనవరి 21 నాటిది. లండన్‌లో ఒక అధ్యాపకుడు విద్యార్థులకు టెలిస్కోపు వాడకం నేర్పుతూ, మబ్బులు కమ్ముకొస్తుంటే తొందరగా ఎం82 వైపు తిప్పాడు. అక్కడ అంతకుముందు లేని చుక్క. అదే ఎస్ఎన్ 2014జె. వార్తల్లో బాగా వచ్చింది. కానీ అది టైప్ 1ఏ, శ్వేత మరుగుజ్జు నక్షత్రం పేలడం. ఈ గాలిని నడిపే బరువైన నక్షత్రాల పేలుళ్లు వేరే జాతి. రెంటినీ కలిపి రాయకండి.

సరే, గ్యాస్ కదులుతోందని ఎలా తెలుస్తుంది? ఎం82లాగా పక్కవాటుగా ఉంటే ఫొటోలోనే కనబడుతుంది. మనకు ఎదురుగా పళ్లెంలా ఉన్న గెలాక్సీలో గాలి నేరుగా మన వైపే వస్తుంది, ఫొటోలో తెలియదు. అక్క దీన్ని డాబా మీద చెప్పింది. మా వెనక సందులో ఒక పాత పసుపు లైటు ఉండేది, చుట్టూ అన్నీ తెల్ల ఎల్ఈడీలు అయిపోయినా అదొక్కటీ మార్చలేదు. ఆ పసుపు సోడియంది. సోడియం వాడే తరంగదైర్ఘ్యాలు రెండు, 589.0, 589.6 నానోమీటర్లు, కవలల్లా పక్కపక్కన. గెలాక్సీ ముందున్న చల్లటి గ్యాస్‌లో సోడియం ఉంటే, వెనకనుంచి వచ్చే నక్షత్ర కాంతిలో సరిగ్గా ఆ రెండు చోట్ల మింగేస్తుంది. వర్ణపటంలో రెండు నల్ల గీతలు పడతాయి. గ్యాస్ మన వైపు వస్తుంటే ఆ గీతలు నీలం వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో చూస్తే వేగం వస్తుంది.

"మూడొందల కిలోమీటర్ల వేగం అనుకో, సెకనుకు. ఎంత జరుగుతది?" అంది.

కాంతి వేగంలో వెయ్యో వంతు. 589లో వెయ్యో వంతు, 0.589. అంటే ఇంచుమించు 0.6.

"చూసినవా, రెండో గీత పోయి మొదటి గీత జాగల కూసుంటది."

నేను ఆ పసుపు లైటు వంక చూస్తూ ఉండిపోయాను. ఫార్ములా నాకు ఇంటర్ నుంచీ తెలుసు. ఆ కవలల్లో ఒకటి ఇంకోదాని చోటులోకి వెళ్లడం మాత్రం అప్పుడే చూశాను.

ఇప్పుడు నా వాక్యంలో రెండో తప్పు. "వాయువంతా బయటికి ఎగిరిపోయింది, ఇప్పుడది ఖాళీ." ఎగిరినదంతా పోదు. భూమి నుంచి వెళ్లిపోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలని మనందరం బట్టీ పట్టాం. గెలాక్సీకీ అలాంటి పలాయన వేగం ఉంటుంది, మన సూర్యుడున్న చోట పాలపుంత నుంచి బయటపడాలంటే సెకనుకు సుమారు 550 కిలోమీటర్లు. ఎం82 గాలిలో రకరకాల గ్యాస్ ఉంది. కోట్ల డిగ్రీల వేడిది చాలా వేగంగా పోతుంది, కానీ పల్చన. ఎర్రగా మెరిసే హైడ్రోజన్ తీగలు సెకనుకు కొన్ని వందల కిలోమీటర్లు. బరువంతా ఎక్కువగా ఉన్న చల్లటి అణువుల గ్యాస్ ఇంకా నెమ్మది. ఆ చల్లటి దాంట్లో చాలా భాగం పైకి లేచి, వేగం తగ్గి, మళ్లీ గెలాక్సీ మీదికే పడుతుందని కొలతలు సూచిస్తున్నాయి. శాస్త్రవేత్తలు దీన్ని ఫౌంటెన్ అంటారు. పడిన గ్యాస్ మళ్లీ నక్షత్రాలకు పనికొస్తుంది.

అసలు అంత వేడి గాలిలో చల్లటి మేఘాలు ఆవిరైపోకుండా ఎలా ప్రయాణిస్తున్నాయి అన్నది ఈ రంగంలో ఇప్పటికీ తేలని పెద్ద ప్రశ్న. 2024 ఏప్రిల్‌లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన ఎం82 చిత్రం విడుదలైంది. మసి లాంటి కర్బన అణువులు వెలిగే కాంతిలో ఆ గాలి సన్నటి తీగలుగా, కేంద్రం దాకా విడివిడిగా కనబడుతుంది. ఒక్కసారైనా చూడండి. వేడి గాలి పక్కనే చల్లటి సరుకు అంత సున్నితంగా నిలబడి ఉండటం నమ్మబుద్ధి కాదు.

ఏ గెలాక్సీలో ఎంత పోతుంది, ఎంత తిరిగొస్తుంది అన్నది దాని బరువును బట్టి. 1986లో అవిషాయ్ డెకెల్, జోసెఫ్ సిల్క్ చెప్పినది ఇదే. చిన్న గెలాక్సీలకు పట్టు తక్కువ కాబట్టి సూపర్‌నోవాల గాలికి గ్యాస్‌ను సులువుగా పోగొట్టుకుంటాయి, అందుకే వాటిలో నక్షత్రాలు అంత తక్కువ. పెద్దవి ఆ గాలిని చాలావరకు పట్టి ఉంచుకుంటాయి. వాటిని ఖాళీ చేయాలంటే కృష్ణబిలం లాంటి బలమైనది కావాలి. పాలపుంతంత గెలాక్సీలోనే, దాని వాటాకు రావాల్సిన మామూలు పదార్థంలో నక్షత్రాలైనది ఐదో వంతు దగ్గర. చిన్నవాటిలోనూ, మరీ పెద్దవాటిలోనూ ఇంకా తక్కువ. మిగతాది ఎక్కడ? చుట్టూ, బయట. 2011లో హబుల్ టెలిస్కోపులోని ఒక వర్ణపట పరికరంతో నలభైకి పైగా గెలాక్సీల చుట్టూ వెతికితే, నక్షత్రాలు పుట్టిస్తున్న గెలాక్సీల చుట్టూ సుమారు 5 లక్షల కాంతి సంవత్సరాల దూరం దాకా ఆక్సిజన్ దొరికింది. ఆక్సిజన్ నక్షత్రాల లోపలే తయారవుతుంది. అంత దూరం దానంతట అది నడిచి వెళ్లదు కదా.

మన దేశం సంగతి లేకుండా సైన్స్ అండ్ టెక్నాలజీ ఏంటి అనేవాళ్ల కోసం ఒకటి. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌లతో జీఎంఆర్‌టీ ఉంది. 2020 అక్టోబర్‌లో ఆ బృందం నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించింది. సుమారు 800 కోట్ల ఏళ్ల కిందటి 7,653 గెలాక్సీల బలహీనమైన రేడియో సంకేతాలను కలిపి, వాటిలో హైడ్రోజన్ ఎంతుందో కొలిచారు. అవి నక్షత్రాలను పుట్టిస్తున్న వేగానికి ఆ గ్యాస్ ఒకటి రెండు వందల కోట్ల ఏళ్లకే సరిపోతుంది. బయటి నుంచి కొత్త గ్యాస్ తగినంత రాకపోతే వేగం పడిపోవాల్సిందే. పడిపోయింది కూడా. 1000 కోట్ల ఏళ్ల కిందటి ఉచ్ఛస్థితితో పోలిస్తే ఇప్పుడు విశ్వంలో నక్షత్రాల పుట్టుక దాదాపు పదో వంతు. బయటికి వీచే గాలి ఒక పద్దు, లోపలికి వచ్చే గ్యాస్ ఇంకో పద్దు. నేను నా వ్యాసంలో ఖర్చు మాత్రమే రాసి ఆదాయం వదిలేశాను.

ఈ రంగంలో ఒక నిష్పత్తి వాడతారు. నక్షత్రాలైన గ్యాస్ ఒక వంతు ఉంటే, బయటికి తోసేయబడిన గ్యాస్ ఎన్ని వంతులు? చాలా గెలాక్సీల్లో అది ఒకటికి అటూ ఇటూ, చిన్నవాటిలో ఇంకా ఎక్కువ అంటారు. దీన్ని మొదట విన్నప్పుడు నాకు ఏం గుర్తొచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. ఏటా పది లక్షల పైచిలుకు దరఖాస్తులు, వెయ్యి మంది ఎంపిక. ఏ మరుగుజ్జు గెలాక్సీ కూడా ఆ నిష్పత్తి దగ్గరికి రాదు అన్నాను. అక్క నవ్వలేదు. "గ్యాస్ కిరాయి కట్టదే," అంది.

నిజమే, ఈ పోలిక అక్కడే తెగిపోతుంది. గ్యాస్ మెస్ బిల్లు కట్టదు, తమ్ముడి పెళ్లికి రెండు రోజులే వెళ్లి రాదు. అందుకే ఇలాంటి పోలికలు వ్యాసంలో పెట్టేటప్పుడు ఎక్కడ తెగుతాయో కూడా ఒక వాక్యం రాయండి. దిద్దేవాళ్లు మెచ్చుకుంటారని కాదు. లేకపోతే మనమే నమ్మేస్తాం.

జూన్‌లో ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. నాది మూడో అటెంప్ట్, గట్టెక్కాను. అక్కది ఐదోది, పోయింది. అంతకుముందు ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లిన మనిషి. పది రోజులకు సామాను సర్దేసింది. పీజీలో అందరూ ఒకే మాట అన్నారు: ఒక్క రిజల్ట్‌కే ఇంత నిర్ణయమా, ఇంకో అటెంప్ట్ ఉంది కదా.

ఆ మాటలు వింటూ నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాళ్లమ్మ కంటి ఆపరేషన్‌కు అక్క వెళ్లలేకపోయిన రోజు నాకు తెలుసు. దాచుకున్న డబ్బు అయిపోయి, నాన్నను మొదటిసారి డబ్బులడిగి, ఫోన్ పెట్టేశాక బాత్రూంలో చాలాసేపు నీళ్లు వదిలి ఉంచిన రాత్రి తెలుసు. పాత ఆఫీసులో తన కింద పనిచేసిన అమ్మాయి మేనేజరైన సంగతి చూసి "మంచిగైంది" అన్న రోజు తెలుసు. వాటిలో ఏ ఒక్కటీ ఎవరినీ ఢిల్లీ నుంచి పంపించేసేంత పెద్దది కాదు.

వెళ్లేముందు ఆదివారం ఇద్దరం ఆంధ్రా భవన్‌కు వెళ్లి భోజనం చేశాం. నేను చాలా మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఫౌంటెన్, తిరిగి పడే గ్యాస్, అలాంటివి. పప్పులో నెయ్యి వేసుకుంటూ అక్క నా మొహం చూసి, "గెలాక్సీ ముచ్చట తీసినవంటే లేచి పోత," అంది. ఇద్దరం నవ్వాం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాక గదిలో చూస్తే ఫిజిక్స్ పుస్తకాల కట్ట నా మంచం కింద ఉంది. ఎవరూ అడిగి తీసుకెళ్లరని తెలిసి కూడా వదిలేసి వెళ్లింది.

ఫిబ్రవరి పేపర్ ఇంకా నా దగ్గరే ఉంది. టిక్కు ఉన్న పేరాను కొట్టేసి, కింద తిరిగి రాశాను. మీ కోసం అదే ఇక్కడ పెడుతున్నాను, నచ్చితే వాడుకోండి: "ఎం82 గెలాక్సీలో నక్షత్రాలు పాలపుంత కంటే దాదాపు పది రెట్ల వేగంతో పుడుతున్నాయి. వాటిలో బరువైనవి త్వరగా పేలిపోతాయి. ఆ పేలుళ్ల ఒత్తిడి కలిసి, ఇంకా నక్షత్రాలు కావాల్సిన వాయువును బయటికి తోస్తోంది. అందులో కొంత విశ్వంలోకి పోతుంది, కొంత తిరిగి వచ్చి పడుతుంది." 40 పదులు కూడా దాటని మాటలు. పాత పేరా అంత దెబ్బకొట్టినట్టు ఉండదు, నాకు తెలుసు. మార్కులు తగ్గినా తగ్గొచ్చు.

ఆదివారం ఆలస్యానికి కారణం ఇదీ. శనివారం రాత్రి అక్క ఫోన్ చేసింది. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది, చేరి నెల దాటింది. డాప్లర్ పాఠం ఉంటే సోడియం గీతల లెక్క వేయించిందట, మా డాబా మీద వేయించినదే. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, తిరిగి పడే గ్యాస్ ఎన్నేళ్లకు పడుతుంది మేడం అని అడిగిందట.

"నువ్వు మెకానికల్ కదా, పైకి ఇసిరిన రాయి లెక్కనే. సెకనుకు వంద కిలోమీటర్లు అనుకుని ఎసి పంపు. సోమారం క్లాసుంది."

రాయి లెక్క అంత సులువుగా లేదు. రాయి పైకి వెళ్లేటప్పుడు భూమి పట్టు దాదాపు మారదు, ఇక్కడ పైకి వెళ్లేకొద్దీ గెలాక్సీ పట్టు మారుతూ ఉంటుంది. జీఎస్-3 నోట్సు పక్కన పెట్టి, మంచం కింది కట్టలోంచి మెకానిక్స్ పుస్తకం తీశాను. ఆదివారమంతా దానికే పోయింది. కోట్ల ఏళ్లలో వస్తోంది, కానీ రెండుసార్లు వేస్తే రెండు జవాబులు వచ్చాయి. రెండూ ఫొటో తీసి, ఎక్కడ ఏం అనుకున్నానో పక్కన రాసి, సోమవారం పొద్దున ఏడింటికి పంపాను. క్లాసు అయ్యాక అక్క నుంచి జవాబు వచ్చింది. ఆ పిల్లకు రెండూ చూపించిందట. రెండో దాంట్లో మూడో లైనులో నేను గుర్తు తప్పు వేశానని ఆ పిల్లే పట్టుకుందట.